పెరటి పశువులు: మేకల, గొఱ్ఱెల కడుపులోని నట్టలు



ఆవును కొనజాలని యిల్లాలికి మేకయే పాడి, మేకయే బొక్కసము. పిల్లవానికి బడి పుస్తకములు కొనవలసి వచ్చినను, ఇంటిలో నెవరికైన జబ్బు చేసినను, పండుగకు ఆడపడుచును పిలువవలసి వచ్చినను, పెరటిలోని మేకపిల్ల నొకదాని నమ్మి యా యక్కర గడపుకొనుట మన పల్లెలలో సర్వసాధారణము. పొలము, ఎడ్లు పురుషుని పేర నుండవచ్చును గాని, పెక్కిండ్ల రెండు మూడు మేకలు మాత్ర మిల్లాలి సొమ్మే. వాని యాకలి దప్పులు చూచునదియు, ఈనిన రాత్రి మేలుకొని కాచునదియు నామెయే.

గొఱ్ఱెల విషయమున తెలుగుదేశము భారతదేశమున కెల్ల పెద్ద. 2019వ సంవత్సరపు పశుగణనమున తెలంగాణమునందు సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలును, ఆంధ్రప్రదేశమునందు సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును లెక్కకు వచ్చినవి. దేశమున మొదటి స్థానము తెలంగాణమునకును, రెండవది ఆంధ్రప్రదేశమునకును దక్కినవి. ఎత్తైన నెల్లూరు గొఱ్ఱెయు, నల్లని యున్నిగల దక్కని గొఱ్ఱెయు మన సొత్తు. ఇంతటి సంపదను వానకాలమున చప్పుడు లేకుండ హరించు శత్రువు వాని కడుపులోనే కాపురముండును. గొల్లలు, కురుమలు దీనిని నట్టలందురు. ఈ నెల దీనిని గూర్చియే వ్రాయ దలచినాము. మందులపేర్లు చెప్పి ముగించుట మా యభిప్రాయము కాదు. మందుకంటె ముందు మీ బొటనవ్రేలును, మీ కన్నులును, మీ నోటుపుస్తకమును చేయవలసిన పని యొకటి కలదు. దానిని నిదానముగా వివరింతుము.

నట్టలలోని తెగలు

నట్టలన్నియు నొక్కతీరువి కావు. మొదటివి బద్దెపురుగులు. ఇవి తెల్లని నాడావలె పొడవుగా నుండి, ముక్కలు ముక్కలుగా తెగి పెంటికలతో బయట పడును. పిల్లల పెంటికలపై అన్నపు మెతుకులవంటి తెల్లని తునకలను చూచి ఇల్లాండ్రు మిక్కిలి బెదరుదురు. కాని సామాన్యముగా నీ పురుగులు చేయు కీడు స్వల్పము.

రెండవవి జలగలు. ఇవి ఆకువలె పలుచగనో, చిన్న గింజవలె బొద్దుగనో యుండును. కొన్ని కార్జమునందును, కొన్ని పొట్టయందును, ప్రేగు మొదటియందును నివసించును. చెఱువుల యొడ్డున, మడుగుల చెంత, నత్తలున్న చోట మేసిన జీవములకే యివి పట్టును. ఏలన, జలగపిల్ల కొంతకాలము నత్త శరీరమున పెరుగనిదే మేకలోనికి చేరజాలదు.

మూడవవి ఏలికపాములు. ఇవి దారమువలె సన్నగా, గుండ్రముగా నుండును. వీనిలోనే మన కథకు ముఖ్యమైన పురుగు కలదు. శాస్త్రజ్ఞులు దీనిని హీమాంకస్ కంటార్టస్ అందురు. ఇది నెమరువేయు జంతువునకుగల నాలుగు పొట్టలలో నాల్గవదానియందు, అనగా ఆహారము నిజముగా జీర్ణమగు పొట్టయందు, గోడకు నోరానించి రక్తము పీల్చును. ఆడుపురుగు సుమారు అంగుళము పొడవుండును. రక్తముతో నిండిన దాని యెఱ్ఱని ప్రేగు చుట్టును తెల్లని గర్భకోశము త్రాడు పేనినట్లు మెలి తిరిగి యుండును. పశ్చిమదేశములలో మంగలి దుకాణముల ముందు నిలుపు ఎఱుపు తెలుపు చారల స్తంభమును పోలి యుండుటచే ఇంగ్లీషువారు దీని నా స్తంభము పేరనే పిలుతురు.

ఇక మూడు నాలుగు వారముల వయస్సునుండి నాలుగైదు నెలల వయస్సు వఱకు పిల్లలకు పట్టు రక్తపుపారుడు వేఱొకటి కలదు. దానికి కారణము కంటికి కానరాని కాక్సిడియా యను సూక్ష్మజీవి. అది నట్ట కాదు. నట్టలమందు దానిపై పనిచేయదు. పిల్ల రక్తము పారుచుండగా నట్టలమందు పోసి యూరకుండుట ప్రాణాపాయము. వెంటనే పశువైద్యునకు చూపవలెను.

కనుక సోదరీమణులు గమనింపవలసినది ఇది: పెంటికలలో కంటికి కానవచ్చు పురుగు సాధారణముగా చంపదు. కంటికి కానరాక పొట్టలో దాగిన పురుగే చంపును.

రక్తపు లెక్క

ఒక్క పురుగు దినమునకు పీల్చునట్టియు, గాటునుండి కారి పోవునట్టియు రక్తము సుమారు మిల్లీలీటరులో ఇరువదవ వంతు. సుమారు ఒక్క చుక్క మాత్రమే. కాని పురుగు లొకటి రెండు కావు. వేయి పురుగులున్నచో దినమునకు 50 మిల్లీలీటరులు. 25 కిలోల గొఱ్ఱె దేహమునం దున్న రక్తమంతయు సుమారు ఒకటిన్నర లీటరు. పది దినములలో అర్ధలీటరు, అనగా మూడవ వంతు, పోయినట్లే. పోయిన దానిని మఱల పూరించుకొనుటకు దాని కినుము కావలెను, మాంసకృత్తులు కావలెను. వట్టి యెండుగడ్డి తిను జీవమున కవి యెక్కడివి?

ఆడుపురుగు దినమునకు అయిదు వేలు మొదలు పదివేల గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పెంటికలతో నేలపై బడును. వేడియు, తేమయు కలిసిన మన వానకాలమున అవి పొదిగి, నాలుగు మొదలు ఏడు దినములలో జంతువునకు అంటుకొనగల డింభకములగును. ఈ డింభకము ఏమియు తినదు. తన పాత చర్మమునే ఒఱగా తొడుగుకొని, గడ్డిపోచపై నుండు నీటిపొరలో ఈదుచు పైకి ప్రాకును. కాని యది యెక్కువ ఎత్తు ప్రాకలేదు. అధికభాగము నేలకు రెండంగుళముల లోపలనే యుండును. ఆ పోచను కొఱికిన మేక కడుపున చేరి, సుమారు మూడు వారములలో తానును గ్రుడ్లు పెట్టుటకు మొదలిడును. ఈ విధముగా జూన్ మాసమున తొలివాన కురిసినప్పుడు కొద్దిగా నున్నది, ఆగష్టు, సెప్టెంబరు నాటికి మందనెల్ల ముంచివేయును. ఈశాన్యపు వానలుగల నెల్లూరు ప్రాంతమున ఈ గండము అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములకు సాగును.

ఎండకాలమున మాడిన నేలపై డింభకములు చచ్చును. అప్పుడు పురుగు మఱియొక యుపాయము పన్నును. పొట్టగోడలో ముడుచుకొని, ఎదుగుదల మానుకొని, వానలకై యెదురుచూచును. ఈనిన తల్లి యొక్క నిరోధశక్తి కొంతకాలము సన్నగిల్లును గనుక, ఈనుటకు ముందు వెనుకల కొన్ని వారములు తల్లి పెంటికలలో గ్రుడ్లు మెండగును. పసిపిల్ల తొలిసారి నోరు పెట్టు పచ్చికపై విషము చల్లునది దాని తల్లియే యగుట విచారకరము.

గుర్తులు

మనవా రెక్కువగా పారుడును బట్టి నట్టలున్నవని యెంతురు. కొన్ని ఏలికపాములు, పిల్లజలగలు పారుడు కలిగించుట నిజమే. కాని రక్తము త్రాగు నట్ట వలన సామాన్యముగా పారుడు కలుగదు. పెంటికలు గట్టిగానే యుండును. కండపుష్టిగల పొట్టేలు కూడ ఒక్కొక్కప్పుడు నాలుగు దినములలో కూలిపోవును. అప్పుడు ఇరుగుపొరుగువారు దిష్టి తగిలినదందురు. పాము కఱచినదని మఱికొంద రందురు.

గుర్తించు లక్షణములివి. మంద నడచునప్పుడు వెనుకబడుట. కొంచెము తోలగానే రొప్పుట, కూలబడుట. పాలు తగ్గుట. వెండ్రుక మెఱుపు తప్పి బిరుసెక్కుట. దవడ క్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుట. ఈ వాపు సాయంకాలము మేతనుండి వచ్చినప్పు డెక్కువగా కనబడి, తెల్లవారుసరికి కొంత తగ్గవచ్చును గనుక, సాయంకాలమే చేతితో తడిమి చూడవలెను. అయితే యీ వాపు కనబడునప్పటికే రోగము ముదిరినదన్నమాట. అంతకు ముందే చెప్పు గుర్తు మఱియొకటి కలదు. అది కనురెప్ప లోపలి రంగు.

కనురెప్ప పరీక్ష

దక్షిణాఫ్రికాయందు నట్టల బాధ దుర్భరమై, ఏ మందునకు నవి చావక, కొందఱు రైతులు గొఱ్ఱెలపెంపకమునే విడుచు స్థితి వచ్చినది. ఆ దేశమున ఫాఫా మాలన్ అను పశువైద్యుడును, అతని సహచరులును, రక్తము తగ్గిన గొఱ్ఱెకు కనురెప్ప లోపలి పొర తెల్లబడునను సామాన్యవిషయమును కొలతకు తెచ్చిరి. 1990 తరువాతి సంవత్సరములలో అయిదు రంగుల పటమొకటి వెలువడినది. అతని పేరులోని తొలి యక్షరములను బట్టి దానికి ఫమాచా పట మని పేరు. చదువు రాని కాపరులు సైతము దానిని నేర్చి వాడుకొనిరి. ఇప్పుడు పెక్కు దేశములలో వాడుచున్నారు.

పరీక్ష పగటివెలుతురున, ఆరుబయట చేయవలెను. ఒకరు మేకను కదలకుండ పట్టుకొనవలెను. ఒక బొటనవ్రేలితో పైరెప్పను మూసి, కనుగ్రుడ్డుపై మెల్లగా నదుమవలెను. రెండవ బొటనవ్రేలితో క్రిందిరెప్పను క్రిందికి లాగవలెను. లోపలి పొర తానే పైకి పొంగి కనబడును. దాని నడిమి రంగును చూడవలెను గాని, రెప్ప అంచును కాదు. రెండు మూడు క్షణములలో చూచి వదలవలెను. ఎక్కువసేపు తెఱచి యుంచినచో పొర ఎఱ్ఱబడి మోసపుచ్చును. రెండు కన్నులును చూచి, దేనిరంగు వెలిసియున్నదో దానినే లెక్కకు తీసికొనవలెను.

రంగులు అయిదు తరగతులు. మంచి యెఱుపు 1. ఎఱుపు కలిసిన గులాబి 2. గులాబి 3. తెలుపు కలిసిన గులాబి 4. పింగాణివలె వట్టి తెలుపు 5. మొదటి రెండు తరగతులవానికి మందు పనిలేదు. 4, 5 తరగతులవానికి ఆలస్యము చేయక మందు త్రాగింపవలెను. 5వ తరగతిదానికి మందుతోబాటు వైద్యుని చూపును, నీడపట్టున మేతయు కావలెను. దానిని దూరము నడిపించుటయే ప్రాణము తీయవచ్చును. 3వ తరగతి అనుమానపుది. అది పిల్లయైనను, చూడిదైనను, పాలిచ్చుచున్నదైనను, చిక్కి యున్నదైనను మందు త్రాగించుటే మేలు. వానకాలమున రెండు వారముల కొకసారియు, తక్కిన కాలమున నెల కొకసారియు చూడవలెను.

కంటిజబ్బున్నను, దుమ్ము పడినను రెప్ప ఎఱ్ఱనై యుండును. కార్జపుజలగలు, పిడుదులు, తిండిలేమి కూడ రక్తమును తగ్గించును. కావున కనురెప్ప తెల్లబడినదన్న రక్తము తగ్గినదని యర్థము. అది యేల తగ్గినదో మిగిలిన గుర్తులను బట్టి విచారింపవలెను. పారుడు కలిగించు తక్కిన నట్టల విషయమున ఈ పరీక్ష పనికిరాదు.

పటము లేనివారు మొదటిసారి పశువైద్యశాలకు పోయి, వైద్యుని యెదుట రెండు మూడు మేకల కన్నులు చూచి నేర్చుకొనుట యుత్తమము. ఊహతో రంగు పోల్చుటకంటె నొకసారి చూచి తెలిసికొనుట మేలు.

అన్నిటికిని మందేల పోయరాదు?

ఇక్కడ మా పాఠకురాండ్రు, ఇన్ని కన్నులు చూచుటకంటె మందలో నన్నిటికి నొకేసారి మందు పోసిన సరిపోదా యని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసమునకు ప్రాణము.

1961వ సంవత్సరమున థయాబెండజోల్ అను మందు వెలువడినది. అంతకు పూర్వపు మందులకంటె నది మేలైనది, అపాయము తక్కువది. నట్టల పీడ విరుగడయైనదని లోకము సంతోషించినది. మూడు సంవత్సరములు తిరుగక మున్నే, 1964లో, ఆ మందునకు చావని రక్తపు నట్టలను అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున కనుగొనిరి. 1981లో ఐవర్‌మెక్టిన్ వచ్చినది. దానిని కనుగొన్న సతోషి ఓమురా, విలియం కాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమాన మిచ్చిరి. దానికి చావని నట్టలును బయలుదేఱుటకు పది సంవత్సరములు పట్టలేదు. మన దేశమందును మనము వాడు మందులకు లొంగని నట్టలు అనేక ప్రాంతములలో కనబడినవి.

దీని కారణము సులభముగా తెలియును. వేలకొలది పురుగులలో మందునకు చావనివి మొదటినుండియు ఏ కొన్నియో యుండును. మందలో నన్నిటికి మందు పోసినప్పుడు చచ్చునవన్నియు చచ్చి, చావనివి మాత్రము మిగులును. అటుపిమ్మట పచ్చికపై పడు గ్రుడ్లన్నియు వానివే. మనమే మొండిపురుగులను ఏఱి విత్తనమునకు దాచినట్లగును. అట్లు గాక, రక్తము బాగుగా నున్న మేకలను మందులేక విడిచితిమా, వాని కడుపులోని సాధుపురుగులు గ్రుడ్లు పెట్టుచుండును. అవి మొండివానితో కలిసి, వాని బలమును పలుచన చేయును. మందలో నట్టలభారము సమముగా నుండదు. పురుగులలో నెక్కువభాగము కొద్ది జీవముల కడుపులలోనే యుండును. ఆ కొద్దివానిని కనురెప్పను బట్టి కనిపెట్టి మందిచ్చినచో రోగము తగ్గును, మందు ఖర్చు తగ్గును, మందు బలమును నిలిచియుండును.

ప్రభుత్వ పశువైద్యశాఖవారు ఊరూర నట్టల నివారణ మందు పోయించు దినములు కలవు. ఆ దినమును వదలుకొనుమని మే మనము. వైద్యుడు వచ్చినప్పుడు మీ పుస్తకమును చూపి, ఏది కన్ను వెలిసినది, దేనికి కిందటి నెల మందు పడినది చెప్పి, ఆయన సలహా ననుసరింపుడు. ఆ దినము పోయించితిమి గదా యని తరువాత చూడక మానరాదు. ఇల్లలుకగానే పండుగ కాదు.

మందు త్రాగించు పద్ధతి

మొదటిది, బరువు. కంటితో చూచి యంచనా వేసినచో తఱచుగా తక్కువ వేయుదురు. తక్కువమోతాదు పురుగును చంపదు, మొండిదానిగా చేయును. ఇంటిలో మనుష్యులు తూగు యంత్రమున్నచో మేక నెత్తుకొని నిలిచి తూచి, తరువాత మీరొక్కరే నిలిచి తూచి, భేదము చూచుకొనిన చాలును. పిల్లలను గోనెసంచిలో నిలిపి ముల్లుత్రాసునకు తగిలింపవచ్చును.

రెండవది, మేక గొఱ్ఱె కాదు. మేక దేహము కొన్ని మందులను గొఱ్ఱెకంటె త్వరగా హరించివేయును. గొఱ్ఱె మోతాదు మేకకు చాలకపోవుటయు కలదు. ఎంత ఇవ్వవలెనో వైద్యునే యడుగవలెను గాని, గొఱ్ఱెమందు సీసాపై వ్రాసినది చూచి పోయరాదు. ఊహించి రెట్టింపు పోయుటయు తగదు. కొన్ని మందులు మితిమీఱిన విషములే.

మూడవది, పోయు తీరు. తల నాకాశమునకు ఎత్తి పోసినచో మందు ఊపిరితిత్తులలోనికి పోవును. తలను నేలకు సమముగా నుంచి, దవడ ప్రక్కనుండి నాలుక వెనుకకు మెల్లగా పోయవలెను.

నాల్గవది, చూడి జీవములు. ఆల్బెండజోల్ వంటి మందులు చూలు నిలిచిన తొలినెలలో పిల్లకు కీడు చేయగలవు. చూడిదని యనుమానమున్నను వైద్యునితో చెప్పి తీరవలెను.

అయిదవది, పాలు. మందు పడిన మేకపాలను సీసాపై చెప్పిన దినములు గడచువఱకు బిడ్డలకు పోయరాదు. మాంసమునకును గడువు కలదు. దానిని దాటక మున్ను అమ్ముట పరుల కపకారము.

మందు పనిచేసినదో లేదో తెలియుటకు, మందు పోసిన నాడును, మఱల పది పదునాలుగు దినములకును, అప్పుడే వేసిన పెంటికలను చిన్న సీసాలో వేసి మేక పేరు వ్రాసి, ఎండ తగులకుండ పశువైద్యశాలకు పంపవలెను. సూక్ష్మదర్శినిలో గ్రుడ్ల లెక్క చూతురు. గ్రుడ్లు నూటికి తొంబదియైదైన తగ్గనిచో ఆ మందు మీ మందలో చెడుచున్నదని తెలిసికొని, మాఱ్చవలసిన మందును వైద్యుడే నిర్ణయించును.

ఇంటివైద్యములను గూర్చి యొక మాట. మైలుతుత్తము నీటిని పూర్వము దేశదేశముల గొఱ్ఱెలకు నట్టలమందుగా పోసెడివారు. గొఱ్ఱె దేహము రాగిని ఓర్వలేదు. అది కార్జమున పేరుకొని యొకనాడు హఠాత్తుగా చంపును. పొగాకు కషాయమును విషమే. వేపాకు మేపుట మేకకు ఇష్టము, కాని దానినే నమ్మి కనురెప్ప తెల్లబడిన మేకను మందులేక విడుచుట సాహసము.

మందు లేని రక్షణ

మేక స్వభావముచేత కొమ్మ మేయు జంతువు. ఎత్తున నున్న ఆకులపై డింభకములు లేవు. అందువలననే కాబోలు, నట్టలను నిరోధించు శక్తి దాని దేహమున గొఱ్ఱె కున్నంత లేదు. అట్టి మేకను ఒకేచోట గుంజకు కట్టి పొట్టిపచ్చికను నేలమట్టముగా మేపుట దాని నట్టలపా లొనరించుటయే. అవిసె, మునగ, మఱ్ఱి, రావి, తుమ్మ మొదలగువాని కొమ్మలు కోసి దూలమునకు వ్రేలాడదీసినచో మేకకు నింపు, మనకు క్షేమము. పాలిచ్చుదానికిని, ఎదుగుపిల్లకును గుప్పెడు ఉలవలో, కొంచెము వేరుసెనగ చెక్కయో పెట్టినచో రక్తము పట్టును, నట్టలకు తట్టుకొను బలము కలుగును.

వానకాలమున మంచు ఆఱిన పిదపనే మేతకు విడువవలెను. పడిన చోటనే నీరు నిలుచు దొడ్డి కంటె, ఎత్తున వేసి, పొడిగా ఊడ్చిన దొడ్డి మేలు. మేత నేలపై పఱవక గాటిలో వేయవలెను. పెంటికలు దినదినము తీసి కుప్పవేసి మాగనిచ్చినచో ఆ వేడికి గ్రుడ్లు చచ్చును, చేనికి మంచి యెరువగును. పచ్చికబయలునందు కొన్నాళ్లు ఆవులను మేపినచో గొఱ్ఱెనట్టల డింభకములు వాని కడుపులో చాలవఱకు నశించును. కోతలైన చేలు మందకు మంచి మేతచోట్లు. సంతలో కొని తెచ్చినదానిని రెండు మూడు వారములు వేఱుగా కట్టి, వైద్యుని సలహాపై మందిచ్చి, పెంటికల పరీక్షయైన పిదపనే తక్కినవానితో కలుపవలెను. మొండినట్టలు ఊరూర తిరుగుట సంతత్రోవనే.

వంటింటి ప్రశ్న యొకటి మిగిలినది. బోటి శుభ్రపఱచునప్పుడు పురుగులు కనబడినచో నింటివారికి ప్రమాదమా? పొట్టలోని యీ రక్తపు నట్ట మనుష్యులకు పట్టుట మిక్కిలి యరుదు. బాగుగ కడిగి, బాగుగ నుడికించినచో భయము లేదు. కాని కార్జమునందును, ఊపిరితిత్తులయందును నీటిబుడగలవంటి పొక్కులు కనబడినచో వానిని పచ్చిగా కుక్కలకు వేయరాదు. అది కుక్కకడుపున బద్దెపురుగై, దాని గ్రుడ్లు మన బిడ్డలకు చేరి, వారి కార్జమున నట్టి పొక్కులనే కలిగింపగలదు. లోతుగా పాతివేయుటయో, కాల్చుటయో చేయవలెను.

నోటుపుస్తకము

ఈ పనియందు చదువెఱిగిన యిల్లాలికిగల మేలు మఱియెవ్వరికిని లేదు. ఒక పుస్తకమున పుటకొక మేక చొప్పున పేరు వ్రాసి, తేది, కనురెప్ప తరగతి, మందు, మోతాదు, ఈనిన దినము వ్రాయుచు రండు. రెండు వానకాలములు గడచునప్పటికి మీ మంద గుట్టు బయటపడును. ఒక మేక నాలుగుమార్లు తెల్లబడి నాలుగుమార్లు మందు త్రాగియుండును. మఱియొకటి అదే పచ్చిక మేసి, అదే దొడ్డిలో పండుకొని, ఒక్కసారియు 2వ తరగతి దాటి యుండదు. నట్టల కోర్చు గుణము కొంత తల్లిదండ్రులనుండి పిల్లలకు సంక్రమించును. రెండవదాని యాడుపిల్లలను నిలుపుకొనుడు. మొదటిదానిని, మందు గడువు తీరిన పిదప, అమ్మివేయుడు. విత్తుపోతునుగూడ ఇట్లే పుస్తకమును చూచి యేఱుకొనుడు. కొన్ని యేండ్లకు మీ పెరటిలో మందక్కర తగ్గిన మంద తయారగును. ఇది ఏ సీసాలోను దొరకదు.

ఇరుగుపొరుగున చదువు రాని యమ్మలు మేకలు పెంచుచుందురు. వారి మేకల పుటలుకూడ మీ పుస్తకముననే వ్రాసిపెట్టుడు. కనురెప్ప చూచుట వారు మనకంటె త్వరగా నేర్తురు.

వచ్చు నెల మేకపిల్లకు తొలి మూడుమాసముల పోషణమును, జున్నుపాల యావశ్యకమును గూర్చి వ్రాయుదుము.